రీమాస్టర్‌లో బాగు చేయకూడని లోపాలు

2001 నాటి షూటర్ వీడియో గేమ్ 'హేలో'కు కొత్త రూపంగా 2011 నవంబరులో 'హేలో: కాంబాట్ ఎవాల్వ్డ్ యానివర్సరీ' వచ్చినప్పుడు అందరూ ముందుగా మాట్లాడుకున్నది అందులోని ఒక బటన్ గురించి. ఆట మధ్యలో దాన్ని నొక్కితే తెర మీదికి పదేళ్ల నాటి పాత బొమ్మ వచ్చేస్తుంది. మళ్లీ నొక్కితే కొత్త గ్రాఫిక్స్. లోపల నడుస్తున్నది మాత్రం రెండు సందర్భాల్లోనూ 2001 నాటి ఇంజినే, అంటే ఆటను నడిపించే ప్రోగ్రామే. శత్రువు ఎప్పుడు దాక్కోవాలి, తూటా ఎక్కడ తగిలింది, బండి ఏ వేగంతో తిరగాలి అనేవన్నీ అదే చూసుకుంటుంది. సేబర్ ఇంటరాక్టివ్ అనే సంస్థ తయారు చేసిన కొత్త బొమ్మల పొరను దాని మీద కప్పారు.

ప్రచారానికి ఆ బటన్ బాగానే పనికొచ్చింది. అదే సమయంలో ఈ పనిలోని చిక్కును కూడా అదే బయటపెట్టింది. '343 గిల్టీ స్పార్క్' అనే లెవెల్‌లో ప్లేయర్ చీకటి బురదనేలలోకి దిగుతాడు. పాత బొమ్మలో పొగమంచు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. లోపల ఏదో ఉందన్న భయం ఆ కనిపించకపోవడం వల్లే పుడుతుంది. కొత్త బొమ్మలో చెట్లు, మొక్కలు, వెలుగు అన్నీ చక్కగా కనిపిస్తాయి, భయం మాత్రం పోతుంది. ఇంకోచోట కొత్తగా గీసిన రాయి ఆకారం పాత ఇంజిన్ దృష్టిలోని రాయి ఆకారంతో సరిపోదు. దాంతో తూటా ఖాళీగా కనిపించే చోట దేనికో తగిలి ఆగిపోతుంది. బొమ్మను మార్చడమంటే ఆటను మార్చడం కాదని చాలామంది అనుకుంటారు. షూటర్ గేమ్ విషయంలో ఆ రెండింటినీ విడదీయడం కష్టం, ఎందుకంటే ఇక్కడ చూడడమే ఆట.

మాటల వాడకంలో కాస్త గందరగోళం ఉంది కాబట్టి ముందే ఒక గీత గీసుకోవడం మంచిది. పాత గేమ్‌ను ఉన్నది ఉన్నట్టు కొత్త మెషిన్ మీద నడిపిస్తే పోర్ట్. పాత నియమాలు, పాత లెవెల్స్ ఉంచి బొమ్మ, శబ్దం, కంట్రోల్స్, నెట్‌వర్క్ లాంటివి ఇప్పటి స్థాయికి తెస్తే రీమాస్టర్. అంతా మొదటి నుంచీ మళ్లీ కడితే రీమేక్. 'సిస్టమ్ షాక్'కు 2023లో వచ్చినది రీమేక్, 'క్వేక్'కు 2021లో వచ్చినది రీమాస్టర్. కంపెనీలు ఈ పేర్లను అమ్మకాలకు తగ్గట్టు వాడేస్తుంటాయి, అది వేరే సంగతి.

రీమాస్టర్ చేసేవాళ్లు రోజూ తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. పాత గేమ్‌లో కనిపించే ఈ లోపం అప్పటి మెషిన్ చేతకానితనమా, లేక ఆ చేతకానితనం చుట్టూ ఆటే కట్టబడి ఉందా? మొదటిదైతే తీసేయాలి. రెండోదైతే ముట్టుకోకూడదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి, తంటా అంతా అక్కడే.

ఉదాహరణకు 'డూమ్' తీసుకుందాం. 1993 డిసెంబరులో వచ్చిన ఈ గేమ్ సెకనుకు 35 సార్లు మాత్రమే లెక్క వేసుకుంటుంది. అప్పటి పీసీల్లో అది వాడుకున్న డిస్‌ప్లే మోడ్ సెకనుకు 70 సార్లు తెరను గీసేది, అందులో సగం 35. రాక్షసుడి అడుగు, తూటా ప్రయాణం, తలుపు తెరుచుకునే వేగం అన్నీ ఈ 35 టిక్కుల లెక్క మీదే నడుస్తాయి. ఇప్పటి మానిటర్లు 60, 144, కొన్ని 240 సార్లు గీస్తాయి. వాటి మీద సెకనుకు 35 బొమ్మలు (ఫ్రేములు) మాత్రమే చూపే ఆట కళ్లకు కుదుపుగా అనిపిస్తుంది. అలాగని టిక్కుల సంఖ్య పెంచేస్తే ఆయుధాల వేగం, శత్రువులు స్పందించే తీరు, లిఫ్టుల టైమింగ్ అన్నీ తలకిందులవుతాయి.

దీనికి దొరికిన దారి అందమైనదే. లెక్క మాత్రం 35 దగ్గరే ఉంచి, రెండు టిక్కుల మధ్య వస్తువులు ఎక్కడుండి ఉంటాయో అంచనా వేసి ఆ మధ్య ఫ్రేములను గీస్తారు. కంటికి నున్నగా కనిపిస్తుంది, ఆట నియమాలకు ఏమీ తెలియదు. 1997 చివర్లో డూమ్ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రాము) బయటికి వచ్చాక అభిమానులు తయారు చేసిన పోర్టుల్లో ఈ పద్ధతి బాగా పాతుకుపోయింది. అధికారిక వెర్షన్లు దాన్ని తర్వాత అందుకున్నాయి.

ఆట నిజంగా మారలేదని రుజువు చేయడానికి డూమ్‌లోనే ఒక సాధనం ఉంది. అందులో రికార్డు చేసే డెమో ఫైల్‌లో వీడియో ఉండదు. ఏ టిక్కులో ప్లేయర్ ఎటు కదిలాడు, ఎటు తిరిగాడు, ఎప్పుడు కాల్చాడు అన్నవి మాత్రమే ఉంటాయి. యాదృచ్ఛికంగా జరిగినట్టు కనిపించేవన్నీ కూడా 256 సంఖ్యల స్థిరమైన పట్టిక నుంచే వస్తాయి. కాబట్టి అవే ఇన్‌పుట్లు ఇస్తే అదే ఆట అచ్చు గుద్దినట్టు మళ్లీ జరగాలి. కోడ్‌లో ఎక్కడో ఒక చిన్న లెక్క మారినా డెమోలోని ప్లేయర్ కాసేపటికి గోడకేసి కాల్చుకుంటూ తిరుగుతాడు. ముప్పై ఏళ్లుగా అభిమానులు దాచుకున్న డెమోలు అలా ఉచిత పరీక్షాపత్రాలు అయ్యాయి. ఇంత కచ్చితమైన కొలబద్ద మిగతా పాత గేమ్‌లలో చాలావాటికి లేదు.

క్వేక్ సంగతి ఇంకా ఆసక్తికరం. 1996 నాటి ఈ గేమ్‌లో ప్లేయర్ పరుగుకు ఒక గరిష్ఠ వేగం ఉంది. దాన్ని అమలు చేసే కోడ్ మాత్రం మొత్తం వేగాన్ని కొలవదు. ప్లేయర్ ఏ దిక్కుకు వెళ్లాలని కీ నొక్కాడో ఆ దిక్కులో ఎంత వేగం ఉందన్నదే చూస్తుంది. గాల్లో ఉండగా పక్కకు జరిగే కీ పట్టుకుని మౌస్‌ను అదే వైపు మెల్లగా తిప్పితే ఆ దిక్కులో వేగం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. కోడ్ ఇంకొంచెం కలుపుతుంది. మళ్లీ గెంతు, మళ్లీ తిప్పు, ఇంకొంచెం. ఇలా గరిష్ఠ వేగాన్ని దాటి దూసుకుపోవచ్చు. ఇది తయారు చేసినవాళ్లు ఉద్దేశించినది కాదు, నికార్సైన బగ్. అయితే 1997 నాటికే గేమ్‌ను అతి తక్కువ సమయంలో ముగించే పోటీలు ఇలాంటి కిటుకుల మీద నడిచాయి. ఆ తర్వాత తరాల షూటర్లలో ఇలా గెంతుతూ వేగం పెంచుకోవడం బన్నీ హాపింగ్ అనే విద్యగా ఎదిగింది. ఈ బగ్‌ను సరిచేసిన క్వేక్‌ను అమ్మితే కొన్నవాళ్లు దాన్ని క్వేక్ అని ఒప్పుకోరు.

'క్వేక్ 3 అరీనా'లో ఇంకాస్త విచిత్రమైనది ఉంది. అక్కడ ప్రతి ఫ్రేముకూ ప్లేయర్ వేగాన్ని పూర్ణ సంఖ్యకు సర్దుతారు. ఆ సర్దుబాటు కొన్ని ఫ్రేమ్ రేట్ల దగ్గర ప్లేయర్‌కు అనుకూలంగా పడుతుంది. సెకనుకు 125 ఫ్రేముల దగ్గర ఆడేవాళ్లు మామూలు వాళ్ల కంటే కాస్త ఎత్తుకు ఎగరగలరు. కంప్యూటర్ కొనుగోలు పోటీలో నైపుణ్యంగా మారిందన్నమాట! ఇలాంటి దాన్ని మాత్రం సరిచేయాల్సిందే. అందరికీ ఒకే భౌతిక సూత్రాలు వర్తించేలా చేసే సెట్టింగును తయారీదారులే తర్వాత చేర్చారు. క్వేక్ బగ్‌ను ఉంచాలి, క్వేక్ 3 బగ్‌ను తీసేయాలి అనడం పైకి అన్యాయంగా కనిపించొచ్చు. తేడా చిన్నదే. మొదటిది ఎవరైనా నేర్చుకోగలిగిన పనితనం, రెండోది మెషిన్ ఇచ్చిన వరం.

చూపును అడ్డుకునేవాటి దగ్గర ఈ తీర్పు ఇంకా కష్టమవుతుంది. 2004లో వచ్చిన 'డూమ్ 3'లో టార్చి పట్టుకుంటే తుపాకీ పట్టుకోలేరు. చీకట్లో చూడాలా, కాల్చాలా? అదే ఆ గేమ్ టెన్షన్. చాలామందికి అది చిరాకు తెప్పించింది, తుపాకీకి టార్చి అతికించే మోడ్ (అభిమానులు గేమ్‌కు చేసుకునే మార్పు) కొద్ది రోజుల్లోనే వచ్చేసింది. 2012లో మళ్లీ విడుదల చేసిన బీఎఫ్‌జీ ఎడిషన్‌లో కంపెనీయే టార్చిని కవచానికి తగిలించేసింది. ఆడడం హాయిగా ఉంది. కానీ చీకటి ఆధారంగా కట్టిన గదులన్నీ ఒక్కసారిగా ఖాళీ కారిడార్లు అయిపోయాయి. కావాలనుకున్నవాళ్లకు పాత పద్ధతి ఎంచుకునే వీలు అందులోనే ఇచ్చి ఉంటే సరిపోయేది.

1997 నాటి 'టురోక్'లో పొగమంచు వేరే రకం. నింటెండో 64 అనే గేమ్ కన్సోల్ దూరంలో ఉన్నవాటిని గీయలేకపోయింది కాబట్టి కొద్ది అడుగుల అవతల అంతా మంచుతో కప్పేశారు. అడవి వాతావరణం కోసం కాదు, మెమరీ కోసం. పాత గేమ్‌లను మళ్లీ తెచ్చే నైట్‌డైవ్ స్టూడియోస్ 2015లో రీమాస్టర్ చేసినప్పుడు ఆ తెరను బాగా వెనక్కి నెట్టింది. అప్పటిదాకా మంచు దాచిన లెవెల్ అంచులు, ఖాళీలు ఇప్పుడు కనిపిస్తాయి కాబట్టి వాటినీ చూసుకోక తప్పదు. ఒక అడ్డు తీస్తే దాని వెనక పదిచోట్ల అతుకులు వేయాల్సి రావడం ఈ పనిలో మామూలే.

తెర ఆకారం కూడా ఇలాంటిదే. పాత మానిటర్లు 4:3 నిష్పత్తిలో ఉండేవి, ఇప్పటివి 16:9. క్వేక్ లాంటి గేమ్‌లో అడ్డంగా 90 డిగ్రీల చూపు ఉండేది. అదే 90ని వెడల్పు తెర మీద అలాగే ఉంచితే నిలువు చూపు దాదాపు 74 డిగ్రీల నుంచి 59కి పడిపోతుంది. పైనా కిందా కత్తిరించినట్టు ఉంటుంది, కొందరికి తల తిరుగుతుంది. నిలువు చూపును కాపాడాలంటే అడ్డం చూపును 106 డిగ్రీల దాకా పెంచాలి. అలా పెంచితే ఇంతకుముందు తెర బయట ఉండిపోయిన భాగం లోపలికి వస్తుంది. డూమ్‌లో తుపాకీ పట్టుకున్న చెయ్యి 4:3 అంచు దగ్గర ఆగిపోయేలా గీసి ఉంది, వెడల్పు తెర మీద అది మణికట్టు దగ్గర తెగిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే కొత్త వెర్షన్లలో మిగిలిన చేతిని, కింద స్టేటస్ బార్‌ను, టైటిల్ బొమ్మలను పక్కలకు పొడిగించి గీశారు. ఎవరూ గమనించకపోతేనే ఆ పని బాగా జరిగినట్టు.

డూమ్‌కు ఇంకో కిటుకు ఉంది. దాని బొమ్మ 320×200 పిక్సెళ్లు, లెక్క ప్రకారం అది 16:10. అప్పటి మానిటర్ దాన్ని 4:3కి సాగదీసి చూపించేది కాబట్టి ఒక్కో పిక్సెల్ నిలువుగా ఇరవై శాతం పొడుగ్గా ఉండేది. కళాకారులు ఆ సాగదీతను కళ్లతో చూస్తూనే గీశారు. ఇప్పుడు చతురస్రపు పిక్సెళ్లతో చూపిస్తే రాక్షసులందరూ పొట్టిగా, లావుగా తయారవుతారు.

వెలుగు విషయంలో క్వేక్ అనుభవం చెప్పుకోదగ్గది. మొదటి వెర్షన్‌లో బొమ్మను ప్రాసెసరే గీసేది. 256 రంగుల పట్టికలో చివరి 32 రంగులు ఎంత చీకట్లోనైనా వెలిగేవి. దీపాలు, కంప్యూటర్ ప్యానెళ్లు, కొందరు శత్రువుల కళ్లు వాటితోనే గీసినవి. వెలుతురు పడ్డచోట టెక్స్చర్ (గోడలు, వస్తువుల మీద అతికించే బొమ్మ) తన అసలు రంగు కంటే ప్రకాశవంతంగా మారగలిగేది కూడా. 1997లో గ్రాఫిక్స్ కార్డుల కోసం వచ్చిన జీఎల్‌క్వేక్ అంచులను నున్నగా చేసింది, నీటిని పారదర్శకం చేసింది, కానీ ఈ రెండు గుణాలనూ పోగొట్టింది. దృశ్యం మసకగా, చదునుగా తయారైంది. చాలామంది క్వేక్‌ను అలాగే ఆడారు, వాళ్ల జ్ఞాపకంలో అదే అసలైన క్వేక్. రీమాస్టర్ ఎవరి జ్ఞాపకానికి న్యాయం చేయాలి? 2021 వెర్షన్ ఈ గొడవను తెలివిగా దాటేసింది. టెక్స్చర్లను నున్నగా చూడాలా, గళ్లుగళ్లుగా చూడాలా, కొత్త మోడల్స్ కావాలా, పాతవా, నీడలు ఉండాలా వద్దా అన్నవి ఆడేవాళ్ల ఇష్టానికి వదిలేసింది. ప్రతిదానికీ ఒక స్విచ్ పెట్టడం నిర్ణయం తీసుకోలేకపోవడమని కొందరు విమర్శకులు అంటారు. రీమేక్ విషయంలో ఆ మాట నిజం కావచ్చు. రీమాస్టర్‌కు మాత్రం స్విచ్ కంటే నిజాయితీ గల జవాబు లేదు.

ఇదంతా చేతిలో కోడ్ ఉంటే జరిగే ముచ్చట. చాలాసార్లు అదే ఉండదు. తొంభైల నాటి స్టూడియోలు మూతపడ్డాయి, చేతులు మారాయి, డిస్కులు ఎక్కడో పోయాయి. 'బ్లడ్' గేమ్‌కు 2019లో 'ఫ్రెష్ సప్లై' పేరుతో కొత్త వెర్షన్ తెచ్చినప్పుడు నైట్‌డైవ్ అసలు సోర్స్ కోడ్ లేకుండానే పని మొదలుపెట్టింది. నడుస్తున్న ప్రోగ్రామును విప్పి, అది ఎక్కడ ఏం చేస్తోందో చూసి, అదే ప్రవర్తనను మళ్లీ రాయాలి. వంట చేసినవాళ్లు లేనప్పుడు రుచి చూసి దినుసులు కనుక్కోవడం లాంటిది ఇది. చాలావరకు దొరుకుతాయి, ఎక్కడో ఒక చిటికెడు తేడా ఉండిపోతుంది. ఆ తేడాను వేల గంటలు ఆడినవాళ్లు మొదటి పది నిమిషాల్లోనే పట్టేస్తారు.

ఈ పని నేర్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నది కూడా చూడాలి. శామ్యూల్ విలారియల్ అనే ప్రోగ్రామర్ నింటెండో 64 కార్ట్రిడ్జ్‌లోని 'డూమ్ 64'ను విప్పి చూసి, పీసీలో నడిచేలా 'డూమ్64 ఈఎక్స్' అనే ఉచిత వెర్షన్‌ను అభిమానిగా తయారు చేశాడు. ఆ తర్వాత అదే మనిషి నైట్‌డైవ్‌లో కెక్స్ అనే ఇంజిన్‌ను రూపొందించాడు. 2020లో వచ్చిన అధికారిక డూమ్ 64, ఆ తర్వాతి క్వేక్, క్వేక్ 2, డూమ్ వెర్షన్లు ఆ ఇంజిన్ మీదే నడుస్తున్నాయి. పాత ఆటలను బతికించే పనిలో కంపెనీల కంటే ముందు నడిచింది అభిమానులే. కంపెనీలు ఆలస్యంగానైనా వాళ్లకు జీతం ఇవ్వడం మొదలుపెట్టాయి.

హక్కుల చిక్కు కోడ్ చిక్కు కంటే మొండిది. సిస్టమ్ షాక్ తీసిన లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ 2000లో మూతపడ్డాక ఆ గేమ్ హక్కులు చివరికి ఒక బీమా కంపెనీ దగ్గర తేలాయి. నైట్‌డైవ్ స్థాపకుడు స్టీఫెన్ కిక్ సిస్టమ్ షాక్ 2 ఆడాలని చూస్తే ఎక్కడా అమ్మకానికి దొరకలేదు. హక్కులు ఎవరివో వెతుక్కుంటూ వెళ్లి ఆ బీమా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. 2013లో గేమ్ డిజిటల్‌గా మళ్లీ అమ్మకానికి వచ్చింది, స్టూడియో వ్యాపారం అక్కడే మొదలైంది. అందరికీ ఆ అదృష్టం లేదు. 2000లో వచ్చిన 'నో వన్ లివ్స్ ఫరెవర్' హక్కులు పెద్ద కంపెనీల మధ్య చిక్కుకుపోయాయి. ఏ ముక్క ఎవరిదో వాళ్లకే స్పష్టత లేదు. నైట్‌డైవ్ ప్రయత్నించి చేతులెత్తేసింది. 'గోల్డెన్‌ఐ 007' కూడా ఇలాగే నలిగింది. 1997లో వచ్చిన ఆ గేమ్‌కు ఎక్స్‌బాక్స్ 360 కోసం తయారవుతున్న రీమాస్టర్ ఒకటి దాదాపు పూర్తయ్యాక ఆగిపోయింది. ఆ వెర్షన్ 2021లో లీకైంది. అధికారికంగా గేమ్ మళ్లీ వచ్చింది 2023 జనవరిలో, అదీ రెండు ముక్కలుగా. నింటెండో స్విచ్‌లో ఆన్‌లైన్ ఉంది, ఎక్స్‌బాక్స్‌లో లేదు. ఎక్స్‌బాక్స్‌లో కంట్రోల్స్ ఇప్పటి పద్ధతికి దగ్గరగా ఉన్నాయి, స్విచ్‌లో చేతులు మెలికలు తిప్పాలి. ఏ ఇంజినీరూ ఇలా కావాలని తయారు చేయడు. ఒప్పందాలే తయారు చేస్తాయి.

కంట్రోల్స్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. గోల్డెన్‌ఐ కాలంలో కంట్రోలర్‌కు ఒకే స్టిక్ ఉండేది, గురి పెట్టడంలో సగం పని గేమే చేసేది. ఇప్పటి రెండు స్టిక్కులతో ఆడితే అదే శత్రువు చాలా మందకొడిగా కనిపిస్తాడు. వాడి వేగం అప్పటి వేళ్ల వేగానికి తగ్గట్టు పెట్టింది. అయినా వాడిని వేగవంతం చేయకపోవడమే మంచిది. మల్టీప్లేయర్‌లో పొట్టిగా ఉండే ఆడ్‌జాబ్ పాత్రను ఎంచుకోవడం అన్యాయమని అప్పట్లో స్నేహితులు గొడవపడేవాళ్లు. పాత గురి సాయం తల మీది నుంచి పోయేది మరి. ఆ గొడవతో సహా గేమ్‌ను ఉంచేశారు, బాగుంది.

సాయం చేసే చేర్పులు వేరు. 2023 నాటి 'క్వేక్ 2' రీమాస్టర్‌లో ఒక దిక్సూచి పెట్టారు. అది వాడితే ఎటు వెళ్లాలో నేల మీద దారి కనిపిస్తుంది. పాతకాలపు లెవెల్స్‌లో తాళం ఎక్కడుందో, మీట ఏ తలుపు తెరిచిందో తెలియక తిరగడం అప్పట్లో ఆటలో భాగం. ఒక నెల్లాళ్లకు ఒక గేమ్ దొరికే రోజుల్లో ఆ తిరుగుడుకు తీరిక ఉండేది. ఇప్పుడు దారి తప్పినవాళ్లు గేమ్ మూసేసి ఇంకోటి తెరుస్తారు. దిక్సూచి జేబులోనే ఉంటుంది, వద్దనుకుంటే తీయనక్కర్లేదు. పాత లెవెల్‌ను కొట్టేసి తిన్నని దారి చేయడం కంటే ఇది ఎంతో మేలు.

అసలు దేన్ని 'ఒరిజినల్' అనాలన్నది కూడా అంత తేలిక కాదు. 1996 నాటి 'పవర్‌స్లేవ్' సెగా సాటర్న్‌లో ఒకలా, ప్లేస్టేషన్‌లో ఇంకోలా ఉండేది. 2022లో వచ్చిన 'పవర్‌స్లేవ్ ఎక్స్‌హ్యూమ్డ్' రెండింటిలోని మంచిని కలిపి, అప్పట్లో ఎవరూ ఆడని మూడో గేమ్‌ను తయారు చేసింది. క్వేక్ రీమాస్టర్ మాత్రం నింటెండో 64 వెర్షన్‌ను కలపకుండా పక్కనే విడిగా ఇచ్చింది. తప్పు మూలాన్ని ఎంచుకుంటే ఏమవుతుందో 2020 నాటి 'క్రైసిస్ రీమాస్టర్డ్' చూపించింది. 2007లో పీసీలను వణికించిన గేమ్ అది. కొత్తది మాత్రం తర్వాత కన్సోళ్ల కోసం కుదించిన వెర్షన్ నుంచి పుట్టింది. విడుదలైనప్పుడు 'అసెన్షన్' అనే లెవెలే లేదు, ఎందుకంటే ఆ కన్సోల్ వెర్షన్‌లోనూ లేదు. పైన రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి గీసే) వెలుగులు, కింద ఒక లెవెల్ మాయం! తర్వాత ప్యాచ్‌తో, అంటే సవరణ అప్‌డేట్‌తో, తెచ్చి కలిపారు. హేలో యానివర్సరీకి కూడా ఇలాంటిదే జరిగింది. దాని పాత బొమ్మకు మూలం 2003 నాటి పీసీ పోర్ట్ కావడంతో అందులోని బొమ్మ దోషాలు చాలా ఏళ్లు వెంటాడాయి.

శబ్దం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. క్వేక్‌కు రాక్ సంగీతకారుడు ట్రెంట్ రెజ్నర్ చేసిన సంగీతం సీడీలో ఆడియో ట్రాకులుగా ఉండేది. డిజిటల్ అమ్మకాలు మొదలయ్యాక ఆ సీడీ పోయింది, దాంతో పాటు సంగీతమూ పోయింది. ఏళ్ల తరబడి కొన్నవాళ్లు నిశ్శబ్దంగా క్వేక్ ఆడారు. రీమాస్టర్ దాన్ని తిరిగి తెచ్చింది. ఆ ఒక్కదానికే దాన్ని మెచ్చుకోవచ్చు. ఇక చట్టం వల్ల జరిగే చిన్న మార్పులు ఉంటాయి. డూమ్‌లోని మందుల పెట్టె మీద ఎర్ర శిలువ ఇప్పుడు లేదు. రెడ్‌క్రాస్ గుర్తుకు అంతర్జాతీయ చట్టాల రక్షణ ఉంది. ఇలాంటివాటి మీద అభిమానులు చేసే యాగీ అవసరం లేనిది.

యాగీ చేయాల్సినవి వేరే ఉన్నాయి. 2019లో డూమ్ కొత్త కన్సోళ్లకు వచ్చినప్పుడు ఒంటరిగా ఆడడానికి కూడా కంపెనీ ఆన్‌లైన్ ఖాతాలో లాగిన్ కావాలని అడిగింది. 1993 నాటి గేమ్‌కు లాగిన్! జనం నవ్వారు, తిట్టారు, కంపెనీ దిగివచ్చి ఆ నిబంధన తీసేసింది. ఆ తర్వాతి ప్యాచుల్లో 60 ఫ్రేములు, అదనపు లెవెల్స్ వచ్చి ఆ వెర్షన్ గౌరవప్రదంగా మారింది. 'థర్టీన్' రీమేక్‌ది ఇంకా విషాదం. 2003 నాటి అసలు గేమ్ కామిక్ పుస్తకంలా మందపాటి గీతలతో, చదునైన రంగులతో ఉండేది. 2020 నాటి రీమేక్ ఆ శైలినే చెరిపేసి, ఎక్కడా ప్రత్యేకత లేని మెరుపు బొమ్మలు పెట్టింది. పైగా బగ్గుల మయం. తయారీదారులు క్షమాపణ చెప్పి, ఇంకో స్టూడియోతో 2022లో మళ్లీ చేయించాల్సి వచ్చింది. సాంకేతిక శక్తి తక్కువైన రోజుల్లో కళాకారుడు ఎంచుకున్న శైలి ముసలిది కాదు. ముసలిదయ్యేది నిజంలా కనిపించాలని తాపత్రయపడిన బొమ్మ.

కొత్తది వచ్చాక పాతదాన్ని ఏం చేయాలన్నది చాలా కంపెనీలు ఆలోచించని విషయం. ఒక్కోసారి పాత వెర్షన్‌ను అమ్మకం నుంచి తీసేస్తారు, దానితో పాటు దాని మోడ్స్, డెమోలు, సర్వర్లు అన్నీ దిక్కులేనివవుతాయి. క్వేక్ విషయంలో పీసీలో పాతది కొన్నవాళ్లకు కొత్తది ఉచితంగా ఇచ్చారు, పాతదీ అలాగే ఉంది. వాల్వ్ అనే గేమ్ కంపెనీ ఇంకో అడుగు ముందుకు వేసింది. తన 1998 నాటి 'హాఫ్-లైఫ్'ను 2004లో కొత్త ఇంజిన్‌లోకి మార్చి 'హాఫ్-లైఫ్: సోర్స్' అని అమ్మింది. అందులో లేనిపోని కొత్త బగ్గులు చేరాయి. 2023 నవంబరులో పాతికేళ్లు నిండిన సందర్భంగా వాల్వ్ మొదటి గేమ్‌నే బాగుచేసి, ఇదే అసలైన వెర్షన్ అని ప్రకటించి, సోర్స్ వెర్షన్‌ను దుకాణంలో కనిపించకుండా పక్కకు నెట్టింది. కొత్త ఇంజిన్ ఓడి పాత ఇంజిన్ గెలిచిన అరుదైన ఘట్టమది.

మోడ్స్ చేర్చడం మాత్రం మంచి ఉద్దేశంతోనే తప్పుదారి పట్టగలదు. 2024 ఆగస్టులో వచ్చిన 'డూమ్ + డూమ్ 2'లో అభిమానుల లెవెల్స్‌ను గేమ్ నుంచే దించుకునే వీలు పెట్టారు. కన్సోల్‌లో ఆడేవాళ్లకు మూడు దశాబ్దాల పని ఒక్క మెనూలో దొరికింది. అయితే ఎవరో కష్టపడి చేసిన లెవెల్స్‌ను ఇంకెవరో తమ ఖాతా నుంచి ఎక్కించేశారు, అసలు వాళ్ల అనుమతి లేకుండానే. పాత పనిని మళ్లీ అమ్మేటప్పుడు పేర్ల గొడవ పెద్ద కంపెనీల దగ్గరా ఉంది. 2023 నాటి 'మెట్రాయిడ్ ప్రైమ్ రీమాస్టర్డ్'లో 2002లో ఆ గేమ్ తీసినవాళ్ల పేర్లు విడివిడిగా వేయలేదు, వాళ్లలో కొందరు బహిరంగంగానే బాధపడ్డారు. పేర్ల పట్టికకు ఏ ఇంజిన్ మార్పూ అక్కర్లేదు. ఇందులో సాంకేతిక సాకు చెల్లదు.

దీనికి ఎదురుగా క్వేక్ 2 రీమాస్టర్ చేసినది చూడాలి. గేమ్ విడుదలైన రోజుల్లోనే దాని ఆట నియమాల భాగం సోర్స్ కోడ్‌ను బయట పెట్టేశారు. శత్రువుల ప్రవర్తన, ఆయుధాల లెక్కలు, లెవెల్‌లోని యంత్రాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ వెర్షన్‌లో కొందరు శత్రువులకు కొత్త ఎత్తుగడలు చేర్చారు. బెర్సర్కర్ అనే శత్రువు ఇప్పుడు దూరం నుంచే ఎగిరి మీద పడతాడు. అది క్వేక్ 2 స్వభావానికి విరుద్ధమని అనుకునేవాళ్లకు ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. కోడ్ తెరిచి ఆ గెంతును తీసేసి, తమ లెక్క ప్రకారం ఆడుకోవచ్చు.